ఊపిరి గొట్టం

“ఒప్పేసుకున్నాడు మాస్టారూ. సంతకం కూడా పెట్టాడు. ఇంకా మీకిక్కడ ఏం పని?”

ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేవలేదు, కూర్చోమనీ అనలేదు. మాస్టారు తనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది.

“వాళ్ళావిడ నిన్న ఫోను చేసి, నిజం తేల్చమని ఏడ్చింది. మేజిస్ట్రేటు ముందు ఎప్పుడు నిలబెడుతున్నారు?”

“నాలుగింటికి.”

“అయితే ఇంకా నాలుగ్గంటల యాభై నిమిషాలుంది. చాలా టైము.”

ఇన్‌స్పెక్టరు పళ్ళు కొరికాడు. ముప్ఫై ఏళ్ళు టెక్నికల్ స్కూల్లో ఇంజన్ల పాఠాలు చెప్పి రిటైరైన ఈ మనిషంటే అతనికి మొదట్నుంచీ పడదు. యాక్సిడెంటు కేసుల్లో ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఈయన గడపే తొక్కుతారు. కిందటేడు ఒక లారీ కేసులో బ్రేకు పైపు తెగింది ప్రమాదానికి ముందు కాదు, తరవాత అని కోర్టులో నిరూపించి, అతను ఆరు నెలలు కష్టపడి కట్టిన కేసుని ఈయన పావుగంటలో కూల్చేశారు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

“ఇందులో మీరు కనిపెట్టడానికి ఏమీ లేదు” అన్నాడు, ఫైలు ముందుకు తోసి. “శనివారం పొద్దున ఏడూ పదికి కొండదారి నాలుగో మలుపులో కారు రాతిగోడకి గుద్దుకుంది. రేసు ప్రాక్టీసు. వెనకాల బండిలో వస్తున్నవాళ్ళు చూశారు. ముందు బానెట్లోంచి పొగ, తరవాత అద్దం మీదంతా నూనె, ఆ తరవాత బండి లోపల కూడా పొగే. పిల్లకి దారి కనపడలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే పోయింది. ఇరవై మూడేళ్ళు. కంపెనీ ఇచ్చిన గాలి గొట్టం తీసేసి సొంతంగా చేసిన గొట్టం బిగించింది ఎవరు? తండ్రి. దాని పక్క గొట్టంలో రబ్బరు బిరడా కొట్టి మూసిందెవరు? నేనే అంటున్నాడు తండ్రి. అజాగ్రత్త వల్ల మరణం. అయిపోయింది.”

“బిరడా సంగతి మీరు అడిగాక చెప్పాడా, అడక్కముందే చెప్పాడా?”

ఇన్‌స్పెక్టరు ఒక క్షణం తటపటాయించాడు. “మా టెక్నీషియను సోమవారం సాయంత్రం గొట్టం కోసి దాన్ని బయటికి తీశాడు. మంగళవారం పొద్దున ఆ తండ్రే స్టేషనుకొచ్చాడు. నేను ఇంకా నోరు తెరవలేదు.”

“మీరు నోరు తెరవకముందే దొంగ దొరికాడు. మీ సర్వీసులో ఎన్నిసార్లు జరిగిందిలా?” అంటూ లేచారు మాస్టారు.

మాట పదునుగానే వచ్చింది గానీ, లోపల ఆయన గుండె రాయిలా ఉంది. పోయిన పిల్ల ఆయనకి కొత్త కాదు. సన్నగా, పొట్టిగా, ఒక్కచోట నిలవకుండా ఉండేదని అందరూ పిచ్చుక అని పిలిచేవాళ్ళు. వాళ్ళ నాన్న లేత్ మిషను మీద పనిచేసే టర్నరు, మాస్టారి మొట్టమొదటి బ్యాచి విద్యార్థి. ప్రమాదానికి పది రోజుల ముందు ఆ పిల్లే ఫోను చేసింది.

“మాస్టారూ, ప్లాస్టిక్ గొట్టం పీకేసి నాన్న అల్యూమినియం గొట్టం చేస్తున్నాడు. బండి గాలి బాగా పీలుస్తుందట. పాతదానికి పక్కన చిన్న ముక్కు ఉండేది కదా, ఇంజను మీంచి వచ్చే బ్రీదర్ గొట్టం తగిలించేది? కొత్తదానికి అది లేదు. దాన్ని బయటికే వదిలేసి చివర చిన్న ఫిల్టరు పెట్టుకోమంటున్నారు మా ఫ్రెండ్సు. నాన్న ఒప్పుకోడు. మిమ్మల్ని అడిగితే గానీ అన్నం ముట్టడట.”

“మీ నాన్న చెప్పిందే కరెక్టు. బయటికి వదిలితే ఆ నూనె ఆవిరంతా తిరిగి నీ బండిలోకే వస్తుంది. ఫిల్టరుకీ టర్బోకీ మధ్యలో ఒక ముక్కు వెల్డు చెయ్యమను. లోపలి అంచు నున్నగా ఉండాలి. గొట్టం జారకుండా క్లాంపు వెయ్యమను. ఏం చేసినా సరే, దాన్ని మూయడం మాత్రం కుదరదు.”

“మూస్తే ఏమవుతుంది?”

“నీ ముక్కూ నోరూ మూసి మూడంతస్తులు ఎక్కమంటే ఏమవుతుంది?”

ఫోనులో పకపకా నవ్వింది. అప్పట్నుంచీ తండ్రీ కూతుళ్ళు దాన్ని ఊపిరి గొట్టం అనే పిలవడం మొదలుపెట్టారు.

మొన్న ఆదివారం ఆ పిల్లని సాగనంపి వచ్చినప్పటినుంచీ మాస్టారికి ముద్ద దిగడం లేదు. తను చెప్పిన దాంట్లోనే ఏదైనా పొరపాటు ఉందేమో! నిన్న మధ్యాహ్నం టర్నరు భార్య ఫోను చేసి, “అన్నయ్యగారూ, మా ఆయన చేతిపనే మా పిల్లని చంపిందంటున్నారు. అది నిజమో అబద్ధమో మీరే తేల్చాలి. నిజమైతే ఆయనతో ఒకే ఇంట్లో ఎలా ఉండాలో నాకు తెలీదు, అబద్ధమైతే ఆయన్ని అక్కడ ఎలా వదిలెయ్యాలో తెలీదు” అని ఏడ్చినప్పుడు, తనకోసమైనా ఈ పని చెయ్యక తప్పదనుకున్నారు.

*

టర్నరుని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. బల్ల, రెండు కుర్చీలు, ఇనప చువ్వల కిటికీ. ఎన్నిసార్లు కడిగినా పోని ఇనుము మసి అతని గోళ్ళ చుట్టూ నల్లటి గీతలా ఉంది. గురువుగారిని చూసి లేచి నిలబడ్డాడు.

“కూర్చోరా. ఎప్పుడు మూశావు?”

“శనివారం పొద్దున.”

“ఎన్నింటికి?”

“ఐదింబావు అయ్యుంటుంది. బయల్దేరే ముందు.”

“దేంతో?”

“రబ్బరు బిరడాతో.”

“ఎక్కడిది?”

అంతదాకా టపటపా వచ్చిన జవాబు అక్కడ కాస్త తడబడింది. “వర్క్‌షాపులో... పడుంది.”

“ఎందుకు మూశావు?”

“నూనె ఆవిరి టర్బోలోకి పోతే పవరు తగ్గుతుందని.”

“నన్ను అడిగి మరీ వెల్డు చేసిన ముక్కుని, నువ్వే మూశావన్నమాట.”

“బుద్ధి గడ్డి తింది మాస్టారూ.”

“క్లాంపు దేంతో విప్పావు?”

“ఎనిమిదో నంబరు స్పానరుతో.”

మాస్టారు అతని మొహంలోకే చూస్తూ ఉండిపోయారు. “ముప్ఫై రెండేళ్ళ కిందట ప్రాక్టికల్సులో ప్రెషర్ గేజీ పగిలింది, జ్ఞాపకముందా? పగలగొట్టింది నీ పక్క బెంచీవాడు. వాడికి తండ్రి లేడని, స్కూలు మాన్పించేస్తారని, నేనే పగలగొట్టానన్నావు. అప్పుడూ ఇలాగే, రెప్ప వెయ్యకుండా నా కళ్ళలోకి చూశావు. ఇప్పుడు ఎవర్ని దాస్తున్నావురా?”

టర్నరు తల దించుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుపు బయటికి రాలేదు.

“నాకు దాచుకోడానికి ఇంకేం ఉంది మాస్టారూ? ఉన్న ఒక్క పిల్లా పోయింది. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఇక్కడితో వదిలెయ్యండి. మిగిలిందేదో మిగలనివ్వండి.”

“వదిలేస్తే నువ్వు జైలుకి పోతావు.”

“పోతాను. నాకు ఎక్కడున్నా ఒకటే.” తల ఎత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “ఒక్క సాయం చెయ్యండి. మీరు షెడ్డుకి వెళ్ళకండి. బండిని చూడకండి.”

పోలీసు దెబ్బలకి భయపడేవాళ్ళని మాస్టారు చూశారు. శిక్షకి భయపడేవాళ్ళని చూశారు. నిజం బయటపడుతుందని ఇంతలా వణికిపోయే అమాయకుణ్ణి మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆయన లేచి నేరుగా షెడ్డుకే వెళ్ళారు.

*

స్టేషను వెనక రేకుల షెడ్డులో ఉంది కారు. ఎడమవైపు ముందు చక్రం లోపలికి నొక్కుకుపోయింది. బానెట్టు మధ్యలో మడత పడింది. డ్రైవరు సీటుని మూడు దిళ్ళు వేసి ఎత్తు చేసుకుంది ఆ పొట్టి పిల్ల. ఆ దిళ్ళు అలాగే ఉన్నాయి. మాస్టారు అటు చూడకుండా బానెట్టు దగ్గరికి వెళ్ళి టార్చి వెలిగించారు.

వెనకాలే ఇన్‌స్పెక్టరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “దేన్నీ ముట్టుకోకండి.”

“అయితే మీరే పట్టుకోండి” అంటూ టార్చి అతని చేతిలో పెట్టారు మాస్టారు. “ఇక్కడ. కొంచెం కిందికి.”

నూనె చూసే కొలపుల్ల గొట్టంలోంచి పైకి ఎగిరి, పక్కన వైర్ల మీద వాలి ఉంది. అక్కడినుంచి నూనె చిమ్మి, ఎర్రగా కాలే టర్బో మీదా, ఎగ్జాస్టు మీదా పడి నల్లగా మాడింది. ఆ పొగే బండి లోపలికి పోయింది. అంతా తెలుస్తోంది.

“ఇంజను లోపల పేలుడు జరిగినప్పుడల్లా కొంచెం వేడి గ్యాసు పిస్టను పక్కనుంచి జారి, కింద నూనె ఉన్న గదిలోకి దిగుతుంది” అన్నారు మాస్టారు. గొంతు తనకి తెలియకుండానే క్లాసులో మాట్లాడినట్టు అయిపోయింది. “అది బయటికి పోవడానికి రెండు దారులు. మామూలుగా నడుపుతున్నప్పుడు ఒక చిన్న వాల్వులోంచి పోతుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, గాలిని ఇంజన్లోకి నెట్టే టర్బో జోరందుకుంటే ఆ వాల్వు మూసుకుంటుంది. అప్పుడు రెండో దారే దిక్కు. అదే ఈ గొట్టం. ఇది మూస్తే ఊళ్ళో ఎంత తిరిగినా ఏమీ కాదు. కొండ ఎక్కితే మాత్రం లోపల గ్యాసు నిండి, ఎక్కడ సందు దొరికితే అక్కడ నూనెని చిమ్మేస్తుంది. నాలుగు మలుపులు చాలు.”

“అదే కదా నేనూ రాసింది!”

“మీరు రాసింది ఎలా జరిగిందో. ఎవరు చేశారో కాదు.” మాస్టారు తెల్లటి గుడ్డ వేలికి చుట్టి, అల్యూమినియం గొట్టంలో ముక్కు దాటాక లోపలివైపు తుడిచారు. గుడ్డకి పల్చటి గోధుమరంగు జిడ్డు అంటింది. ముక్కుకి ఇవతల, ఫిల్టరు వైపు తుడిచారు. గుడ్డ శుభ్రంగా వచ్చింది. “చూశారా? ఈ ముక్కులోంచి నూనె ఆవిరి వచ్చి, గాలి పోయే దిక్కుకే సాగింది. ప్రమాదానికి ముందటి ఆదివారం బిగించిన గొట్టం ఇది. శుక్రవారం దాకా చక్కగా ఊపిరి తీసుకుంది. చేసినవాడి పనిలో ఏ లోపమూ లేదు.”

మాస్టారు గుడ్డ మడిచి పక్కన పెట్టారు. తను చెప్పినదాంట్లోనూ లోపం లేదు. కానీ గుండె తేలికపడలేదు.

“సరే, శనివారం పొద్దున మూశాడు. అదే చెప్తున్నాడుగా!”

“ఆ క్లాంపు ఇలా ఇవ్వండి.”

గొట్టానికి బిగించిన ఉంగరం లాంటి ఆ స్టీలు పట్టీ ప్లాస్టిక్ సంచిలో ఉంది. మాస్టారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, సంచిలోంచే చూశారు. బిగింపు కదిలితే తెలియడానికి టర్నరు స్క్రూ మీద సన్నగా పసుపు రంగు గీత గీశాడు. గీత రెండుగా విడిపోయి పావు చుట్టు పక్కకి తిరిగి ఉంది. స్క్రూ తలకి ఆరు పలకల అంచులూ కొత్తవాటిలా ఉన్నాయి. మధ్య గాడిలో మాత్రం అడ్డదిడ్డంగా గీతలు.

“స్పానరు వేస్తే పలకలు మెరుస్తాయి. ఇక్కడ గాడి గీరుకుపోయింది. స్క్రూడ్రైవరైతే ఇలా జారదు. పల్చటి కత్తి మొన ఇది. ముప్ఫై ఏళ్ళు పనిముట్లతో బతికినవాడు కత్తితో క్లాంపు విప్పుతాడా?”

“తొందరలో విప్పుండొచ్చు.” ఇన్‌స్పెక్టరు గొంతులో మాత్రం పట్టు సడలింది.

మాస్టారు జేబులోంచి ఫోను తీశారు. ఆ ఫొటో తెరవడానికి నాలుగు రోజులుగా ఆయనకి ధైర్యం చాలలేదు. శనివారం పొద్దున పిచ్చుక పంపింది. ఇంజను ఫొటో, దాని కింద ఒక్క వాక్యం. ‘మాస్టారూ, మీ శిష్యుడి పనితనం చూడండి, మేం రెడీ!’ ఆయన ఆలస్యంగా లేచి ఏడున్నరకి చూసి, ‘శభాష్ తల్లీ’ అని జవాబిచ్చారు. ఆ జవాబుని ఎవరూ చదవలేదు.

వేళ్ళతో ఫొటోని పెద్దది చేశారు. పసుపు గీత తిన్నగా, తెగకుండా ఉంది.

“తీసిన టైము ఫొటో మీదే పడింది, చూడండి.”

“ఐదూ నలభై ఒకటి” అని చదివాడు ఇన్‌స్పెక్టరు.

“స్పేరు టైర్లు వేసుకుని తండ్రి వ్యానులో ముందే వెళ్ళాడు. కొండ కింద గేటు దగ్గర రిజిస్టరు ఉంటుంది. మీ ఫైల్లో ఉండాలి.”

ఇన్‌స్పెక్టరు ఫైలు తిప్పాడు. తిప్పుతూనే మొహం మారింది. “వ్యాను లోపలికి వెళ్ళింది ఆరూ రెండుకి. కారు ఏడింటికి.”

“ఇంటినుంచి గేటుకి ఎంత తొక్కినా నలభై నిమిషాలు. అంటే ఐదూ ఇరవైకల్లా బయల్దేరాడు. ఈ ఫొటో తీసేసరికి తను దారిలో ఉన్నాడు. పిల్ల బండి తీసింది ఆరూ ఇరవైకి. ఈ పని జరిగింది ఐదూ నలభై ఒకటికీ ఆరూ ఇరవైకీ మధ్యలో.”

రేకుల మీద ఎండ చిటపటలాడుతోంది. ఇన్‌స్పెక్టరు టార్చి ఆర్పేశాడు.

“ఆ నలభై నిమిషాలూ ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే మాస్టారూ” అన్నాడు మెల్లగా. “ఒకరు బండెక్కి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నారు. రెండోవారు మీకు ఫోను చేసి, నిజం తేల్చమని ఏడ్చారు.”

“నోరు అదుపులో పెట్టుకోండి! ఆవిడ కన్నతల్లి!”

“లెక్క కట్టింది మీరు. నేను చివరి గీత కింద అంకె వేశానంతే.” ఈసారి అతని మాటలో వెటకారం లేదు. “వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారేమో వెళ్ళి అడగండి. మూడూ నలభై ఐదుకి నేను కోర్టు వరండాలో ఉంటాను. మీరు రాకపోతే ఆయన కాగితమే మేజిస్ట్రేటుకి ఇస్తాను. వస్తే, ఏం చెప్తారో అదే రాస్తాను.”

మాస్టారికి అప్పుడు అర్థమైంది, షెడ్డుకి వెళ్ళొద్దని టర్నరు ఎందుకు బతిమాలాడో. కాదు, కాదు అనుకుంటూనే బయటికి నడిచారు.

*

రెండు గదుల ఇల్లు. ముందు గదిలో గోడకి పిచ్చుక చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది. టైరు గాలి, నూనె, నీళ్ళు, బ్రేకు, క్లాంపులు, బెల్టు, అమ్మకి టాటా. శనివారం నాటివి ఏడూ టిక్కు పెట్టి ఉన్నాయి.

టర్నరు భార్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. స్కూల్లో సైన్సు ల్యాబు అటెండరు ఆవిడ. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. నాలుగు రోజుల్లో మనిషి సగమైపోయింది.

“కనుక్కున్నారా అన్నయ్యగారూ?”

“కనుక్కున్నానమ్మా. మీ ఆయన చేసిన గొట్టంలో ఏ తప్పూ లేదు.”

ఆవిడ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని బావురుమంది. “నాకు తెలుసు. నాకు తెలుసు. ఆయన పని మీద ఆయనకంటే నాకే నమ్మకం. మరి ఆ మనిషి ఎందుకలా నెత్తినేసుకున్నాడు? పోలీసులు నాకేమీ చెప్పరు. మీ ఆయన బిగించిందే తప్పు అంటారు, అంతే.”

“శనివారం పొద్దున ఇంటికి ఎవరైనా వచ్చారా అమ్మా? ఆయన వెళ్ళాక, పిల్ల వెళ్ళేలోగా?”

“ఎవరొస్తారు ఆ టైములో? నేనూ పాపే. అది స్నానానికి వెళ్ళింది...” అంటూ ఆగింది. చెంగుతో ముక్కు తుడుచుకుంది. చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది. “మీతో చెప్తే పిచ్చిదాన్ననుకుంటారు. ఆ రోజు ఎలాగైనా దాన్ని ఆపాలని చూశాను.”

మాస్టారు గ్లాసు వైపు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

“పోయిన నెల అదే కొండ మీద దాని ఫ్రెండుకి నడుం విరిగింది. ఇంకా మంచంలోనే ఉంది ఆ పిల్ల. అప్పట్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. వెళ్ళొద్దే అంటే, నువ్వు ఊరికే భయపడతావమ్మా అని బుగ్గ గిల్లేది. ఆయనకి చెప్తే పిల్ల సరదా అనేవాడు. ఇద్దరూ ఒకటే పార్టీ. పది రోజుల్నుంచీ ఇంట్లో ఒకటే గోల, ఊపిరి గొట్టం, ఊపిరి గొట్టం అని. సరే, దానికి ఊపిరాడకపోతే బండే స్టార్టు కాదు కదా అనుకున్నా. ఒక్కరోజు ఆగిపోతే చాలు, ఆ రోజు పోటీకి పేర్లు రాయించుకోడం ఆఖరు. ల్యాబులో బిరడాలుంటాయి కదా, ఆయనే బెజ్జాలు వేసిపెడతాడు మాకు. బెజ్జం వెయ్యనిది ఒకటి తెచ్చి దాచిపెట్టా. పాప స్నానం చేస్తుంటే కూరగాయల కత్తి తీసుకెళ్ళి, ఆ గొట్టం ఊడదీసి, అందులో పెట్టి మళ్ళీ బిగించా. ఒకవేళ దారిలో గొట్టం ఊడిపోతే దానికి ఏమవుతుందోనని, బాగా గట్టిగా బిగించా.”

ఎండిన నవ్వొకటి నవ్వింది.

“అంతా చేసి ఏం లాభం? తాళం తిప్పగానే స్టార్టయింది. చెయ్యి ఊపి తుర్రుమంది. గేటు దగ్గర నిలబడి నన్ను నేనే తిట్టుకున్నా, ఒక్క పనీ చేతకాదు నాకు అని. ఆ బిరడా పనిచేసుంటే నా తల్లి ఈపాటికి ఇక్కడే ఉండేది అన్నయ్యగారూ.”

మాస్టారు ఆవిడ వైపే చూశారు. ఆ గట్టి బిగింపు లేకపోతే, లోపలి గ్యాసు గొట్టాన్ని బిరడాతో సహా ఊడగొట్టేసేది. కాస్త కంపు, కాస్త పొగ. ఆ పిల్ల బండి ఆపుకుని, తిట్టుకుంటూ ఇంటికొచ్చేది.

“ఏంటలా చూస్తున్నారు?”

“ఏం లేదమ్మా.”

“ఆ గొట్టం అసలు దేనికి?”

“అదా... అంత ముఖ్యమైంది కాదులే.”

ఆవిడ ఆయన మొహాన్ని వెతికింది. “ముఖ్యమైంది కాకపోతే పది రోజులు దాని గురించే ఎందుకు మాట్లాడారు వాళ్ళిద్దరూ? ఊపిరి గొట్టం అంటే గాలి లోపలికి పీల్చేది కాదా?”

ముప్ఫై ఏళ్ళు ఎంతమంది ఏ ప్రశ్న అడిగినా మాస్టారు తప్పు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలని ఎంత ప్రయత్నించినా నోరు తిరగలేదు.

“కాదమ్మా” అన్నారు చివరికి. “లోపలి ఆవిరి బయటికి వదిలేది.”

ఆవిడ కదల్లేదు. పెదాలు మాత్రం కదిలాయి, ఏదో అప్పజెప్పుకుంటున్నట్టు.

“ఏటా జూన్లో కొత్త పిల్లలకి నేనే చెప్తాను” అంది, ఎక్కడో చూస్తూ. “బిరడా బిగించి ఫ్లాస్కుని మంట మీద పెట్టకండర్రా, ఆవిరి పోయే దారి లేకపోతే పేలుతుంది అని. సైన్సు టీచరు మర్చిపోయినా నేను మర్చిపోను. పంతొమ్మిదేళ్ళు చెప్పాను.”

“అమ్మా, నువ్వు కావాలని...”

“కొండ ఎక్కితే మంట పెద్దదవుతుంది. కదూ?”

మాస్టారు తల వంచుకున్నారు. అంతకంటే జవాబు అక్కర్లేకపోయింది ఆవిడకి.

ఏడుస్తుందనుకున్నారు. పడిపోతుందేమోనని లేవబోయారు. ఆవిడ రెండూ చెయ్యలేదు. “ఆయనకి తెలుసా?” అని అడిగింది.

“ప్రమాదం జరిగిన చోటే గొట్టం రెండో కొన లాగి చూసుంటాడు. తన చేత్తో బెజ్జాలు వేసే బిరడాలు, గుర్తుపట్టడా? దాన్ని బయటికి తీసేలోపే పోలీసులొచ్చారు, గొట్టం మళ్ళీ తగిలించేశాడు. అది వాళ్ళకి దొరికిందని తెలిశాక, నీ దాకా రాకూడదని తనే స్టేషనుకి వెళ్ళాడు.”

“అంటే శనివారం నుంచీ తెలుసు.” మాటలు ఒక్కొక్కటీ బరువుగా వస్తున్నాయి. “శనివారం, ఆదివారం, సోమవారం. నా పక్కనే కూర్చున్నాడు. నా తల ఒళ్ళో పెట్టుకున్నాడు. నువ్వు తినకపోతే నేనూ తిననని నాకు ముద్దలు కలిపి పెట్టాడు. ఒక్కసారి... ఒక్కసారి కూడా నన్ను అదోలా చూడలేదు.”

అప్పుడు వచ్చింది ఏడుపు. శబ్దం లేదు. ఒళ్ళంతా ఊగిపోయింది. మాస్టారు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, కిటికీ వైపు మొహం తిప్పుకున్నారు.

గడియారం మూడూ పది చూపించేసరికి ఆవిడ లేచి మొహం కడుక్కుంది. వంటగదిలో గ్యాసు కట్టేసి వచ్చి, తాళం చేతిలోకి తీసుకుంది.

“నాలుగింటికే కదా కోర్టు? పదండి.”

“ఆలోచించమ్మా. నీకు తెలియకూడదనే వాడు ఇదంతా చేశాడు. నువ్వు వెళ్తే వాడి కష్టమంతా...”

“తెలిసిపోయిందిగా అన్నయ్యగారూ. ఇంక ఆయన అక్కడెందుకు?”

*

కోర్టు వరండాలో ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య బెంచీ మీద కూర్చున్నాడు టర్నరు. మెట్లెక్కి వస్తున్న భార్యని చూశాడు. వెనకాల మాస్టారిని చూశాడు. ఒక్కసారిగా లేచి నిలబడి, వద్దు, వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టాడు.

“మాస్టారూ, ఎంత పని చేశారు!” అని గొంతు చించుకుని అరిచాడు. వరండాలో జనమంతా ఇటు తిరిగారు.

మాస్టారు అతని కళ్ళలోకి చూడలేకపోయారు. నిర్దోషిని విడిపించిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆయన చేతులు పట్టుకునేవారు. ఈసారి ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నారు.

ఆవిడ నేరుగా భర్త దగ్గరికి వెళ్ళింది. అతని చొక్కా పైబొత్తాం విప్పి ఉంది. దాన్ని పెట్టింది. మసి పట్టిన ఆ చేతిని రెండు చేతుల్తో పట్టుకుని కాసేపు చెంపకి ఆనించుకుంది. కానిస్టేబుళ్ళు ఇద్దరూ పక్కకి జరిగి నిలబడ్డారు.

“నువ్వు ఇంటికెళ్ళు” అంది. “పాప బట్టలు దండెం మీదే ఉన్నాయి. నాకు తియ్యడానికి చేతులు రాలేదు. నువ్వు తియ్యి.”

ఇంటి తాళంచెవి అతని గుప్పిట్లో పెట్టి, వేళ్ళు మూసింది. తరవాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. అతను అప్పటికే ఫైలు తెరిచి, పెన్ను మూత తీసి నిలబడి ఉన్నాడు గానీ, చెయ్యి కాగితం మీదికి పోవడం లేదు.

“రాసుకోండి బాబూ” అంది ఆవిడ. “శనివారం పొద్దున మా పాప స్నానానికి వెళ్ళింది.”